పోయే దారి లేని నీళ్లు

(హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో కాలనీ సంఘాల వాళ్లు కలిసిన ఒక సమావేశంలో, షార్జాలో చాలాకాలం భవనాల నిర్వహణ ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభికులు అడిగిన ప్రశ్నల్లో రెండు చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మూసీకి ఇంత దగ్గర్లో నిలబడి హైదరాబాదు వాళ్లకి వరద గురించి చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. 1908 సెప్టెంబరు 28న ఈ అఫ్జల్‌గంజ్ ఏమైందో మీ ఇళ్లల్లో తాతలు, ముత్తాతలు చెప్పే ఉంటారు. 15 వేల మంది దాకా చనిపోయారు. పక్కనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఇవన్నీ మీకు తెలిసినవే. కాబట్టి వరదంటే ఏమిటో చెప్పే పని నేను పెట్టుకోను. వానే పడని ఊళ్లో వరద వస్తే ఎలా ఉంటుందో మాత్రం చూశాను, అది చెబుతాను. నిర్వాహకులు ఇరవై నిమిషాలన్నారు. ఆలస్యమైతే టీ చల్లారిపోతుందని కూడా అన్నారు. (నవ్వులు)

నేను చెప్పేది 2024 ఏప్రిల్ 16, మంగళవారం సంగతి. రంజాన్ పండగ అయి వారం కూడా కాలేదు. యూఏఈలో 1949 నుంచి వాన లెక్కలున్నాయి. ఆ 75 ఏళ్లలో అంత వాన ఎప్పుడూ పడలేదు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లా అనే చోట ఒక రోజు తిరక్కుండానే 254 మిల్లీమీటర్లు పడింది. దుబాయ్ విమానాశ్రయంలో 142. అక్కడ ఏడాది మొత్తానికి పడే సగటు వాన 94.7 మిల్లీమీటర్లు. అంటే ఏడాదిన్నర వాన ఒక్క రోజులో దిగింది. మనకి ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. అదే లెక్క మన ఊరికి కట్టండి, ఒక్క రోజులో 1200 మిల్లీమీటర్లు!

కానీ ఇంకోవైపు నుంచి చూడండి. 142 మిల్లీమీటర్లంటే 14 సెంటీమీటర్లు. మన బేగంపేటలో 2000 ఆగస్టులో ఒక్క రోజే 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు. ఆ లెక్కన దుబాయ్‌లో పడింది మనకి పెద్ద వాన, అంతే. టీవీలో స్క్రోలింగ్ వేస్తారు, బళ్లకి సెలవిస్తారు, రెండు రోజులు తిట్టుకుంటాం. అదే వానకి అక్కడ ప్రపంచంలోనే అత్యంత రద్దీ విమానాశ్రయాల్లో ఒకటి దాదాపు స్తంభించిపోయింది. నేనుండే షార్జాలో అయితే కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు కదల్లేదు. కాబట్టి ఎంత పడిందన్నది సగం ప్రశ్నే. పడింది ఎటు పోవాలి? ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ రెండో సగం గురించే.

హెచ్చరికలు లేవా అంటే, ఉన్నాయి. ఆ విషయంలో వాళ్లని తప్పు పట్టలేం. సోమవారమే చెప్పేశారు, మంగళవారం బళ్లన్నీ ఆన్‌లైన్, ప్రభుత్వ ఉద్యోగులు ఇంటి నుంచే పని అని. ఫోన్లు సైరన్ మోగినట్టు మోగాయి. అరబిక్‌లో, ఇంగ్లీషులో మెసేజ్: బయటికి వెళ్లకండి, వాదుల దగ్గరికి పోకండి అని. వాదులంటే అక్కడి ఎండిపోయిన వాగులు. మరి జనం ఏం చేశారు? వాన అంటే అక్కడ ఒక సంబరం అండీ. చినుకు పడితే చాలు, కార్లు తీసుకుని షికారు పోతారు, కరక్ చాయ్ పట్టుకుని కారు అద్దాలు దించి కూర్చుంటారు. మా భవనంలో పిల్లలైతే పొద్దున్నే బాల్కనీల్లోకి వచ్చి కేకలు. వాళ్లలో కొందరు ఉరుము గట్టిగా వినడం అదే మొదటిసారి. హెచ్చరిక అందరి ఫోన్లోకీ వచ్చింది, కానీ అది చదివి భయపడ్డానికి గతంలో ఒక అనుభవం ఉండాలి కదా. ఆ అనుభవం అక్కడ పుట్టి పెరిగిన వాళ్లకి లేదు. బయటి నుంచి వచ్చిన వాళ్లకే ఉంది.

మా నాటూర్ సంగతి చెప్పాలి. నాటూర్ అంటే మన వాచ్‌మన్. బంగ్లాదేశ్ మనిషి, నదీ లంకల్లో పుట్టి పెరిగినవాడు. నేను ఉద్యోగరీత్యా చూసే భవనాల్లో ఒకదాంట్లోనే మేమూ కాపురం ఉండేవాళ్లం. పైన ఇరవై అంతస్తుల పైచిలుకు, కింద రెండు బేస్‌మెంట్లు. అతని గది కింద, ర్యాంపు పక్కన. పదకొండు గంటలప్పుడు నేను లాబీలోకి దిగేసరికి అతను బియ్యం బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నాడు. రెండోసారి గ్యాస్ సిలిండర్. మూడోసారి చుట్టగా చుట్టిన పరుపు. అప్పటికి రోడ్డు మీద చీలమండల లోతు నీళ్లు కూడా లేవు. "ఇంత తొందరేం భాయ్?" అన్నాను. "సాబ్, నీళ్లు ఏ దిక్కుకీ నడవడం లేదు. నడిచే నీళ్లయితే భయం లేదు" అన్నాడు హిందీలో. నేను సివిల్ డ్రాయింగులు చదివినవాణ్ణి. ఆ మనిషి రోడ్డు మీద తేలే ఒక ప్లాస్టిక్ కప్పుని పది నిమిషాలు చూసి చెప్పాడు. అది ఎటూ పోవట్లేదు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది.

ఎందుకు నడవలేదో ఇంజనీరుగా నాలుగు ముక్కలు చెబుతాను. దుబాయ్, షార్జా సముద్రం ఒడ్డున బల్లపరుపుగా పరుచుకున్న ఊళ్లు. పళ్లెంలో పోసిన నీళ్లు ఎటు పారతాయి? చాలాచోట్ల కింద ఉన్నది సబ్ఖా నేల, మన కోస్తాలో ఉప్పుపర్రలంటారే అలాంటిది. గట్టిగా ఉంటుంది, భూగర్భజలం అడుగుల్లోనే తగులుతుంది. అందరూ ఎడారి ఇసుక కదా, నీళ్లు పీల్చేసుకుంటుంది అనుకుంటారు. ఇసుక తిన్నెల మీద పడితే పీల్చుకుంటుందేమో, ఊళ్లో ఇసుక ఎక్కడుంది? తారు, కాంక్రీటు, టైల్సు. ఇక వానకాలువలు కొన్ని ప్రాంతాల్లోనే ఉన్నాయి, అవి కూడా చిన్న వానల లెక్కకి వేసినవి. ఏడాదికి పదిసార్లు కూడా సరిగా కురవని చోట ఊరంతా పెద్ద కాలువలు తవ్వడం దండగ అనుకున్నారు. మామూలుగా వాన పడితే ట్యాంకర్లు వచ్చి పైపు వేసి నీళ్లు తోడుకుపోతాయి. చిన్న వానలకి అది సరిపోయింది కూడా. పక్కన కూర్చుని వాళ్లని వెక్కిరించడం తేలిక గానీ, ఆ లెక్క వేసినవాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కాదు.

ఇప్పుడు బేస్‌మెంట్ చూద్దాం. బేస్‌మెంట్ అడుగున ఒక గుంత ఉంటుంది, సంప్. అందులో మునిగి పనిచేసే పంపులు రెండు. నీళ్లు చేరగానే ఫ్లోట్ లేచి పంపు ఆన్ అవుతుంది, నీళ్లు పైకి తోసేస్తుంది. ఎక్కడికి? రోడ్డు మీదికి. రోడ్డే నిండిపోతే? మేము తోసిన నీళ్లే ర్యాంపు మీదుగా తిరిగి మా దగ్గరికే వచ్చాయి. పంపులు రెండూ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, అవే నీళ్లని గుండ్రంగా తిప్పుతున్నాయి. మధ్యాహ్నం మేము ర్యాంపు ముందు ఇసుక బస్తాలు వేశాం. ఇసుకకి కొరత లేని దేశం, బస్తాలకి మాత్రం కొరత! (నవ్వులు) పక్కన బఖాలాలో, అంటే కిరాణా కొట్లో, ఖాళీ బియ్యం సంచులడిగి తెచ్చాం. కాసేపు ఆగింది. తర్వాత గోడ కింద నుంచి, కేబుళ్లు లోపలికి వచ్చే రంధ్రాల నుంచి నీళ్లు చిమ్మడం మొదలైంది. భూమిలో నీటిమట్టమే లేచింది. దానికి ఏ బస్తా అడ్డు?

సాయంత్రానికి కింది బేస్‌మెంట్ మునిగింది, రాత్రికి పైది. కార్ల సంగతి వదిలేయండి, అవి ఇనుపవి. నాకు కంగారు పుట్టింది కరెంటు గది దగ్గర. మెయిన్ ప్యానెళ్లున్న గది గ్రౌండ్ ఫ్లోర్లో ఉంది, గడపకి నీళ్లు తగిలాయి. సరఫరా ఆపేయాల్సి వచ్చింది. ఆపకపోతే నీళ్లలో నడిచేవాళ్లకి షాక్. ఆపితే ఏమవుతుంది? లిఫ్టు ఆగుతుంది. బూస్టర్ పంపు ఆగుతుంది, మేడ మీద ట్యాంకులో ఉన్నంత వరకే నీళ్లు. ఏసీ ఆగుతుంది. అద్దాల మేడలు కదా, గాలి రాదు. కింద నడుము లోతు నీళ్లు, పైన పద్దెనిమిదో అంతస్తులో పసిపిల్లకి పాలు కలపడానికి చెంబెడు నీళ్లు లేవు. వరదలో ఉన్నవాళ్లకి నీటి కరువొస్తుందని చదవడం వేరు, బకెట్ పట్టుకుని ఆ మెట్లెక్కడం వేరు.

ఆ రోజు పొద్దున దుబాయ్‌కి పనికి వెళ్లినవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. షేక్ జాయెద్ రోడ్డని పన్నెండు లేన్ల రహదారి ఉంది. అందులో కొన్నిచోట్ల కార్లు అద్దాల దాకా మునిగి నిలబడిపోయాయి. మెట్రో స్టేషన్లలోకి నీళ్లొచ్చాయి. రెడ్ లైన్లో కొన్ని స్టేషన్లు మళ్లీ తెరవడానికి నెలకి పైనే పట్టింది. మా పై ఫ్లాటులో ఉండే కేరళ ఆవిడ, చేచీ అని పిలిచేవాళ్లం, ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి నడక మొదలుపెడితే ఇంటికి చేరేసరికి తెల్లారింది. చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది. వచ్చి స్నానం చేసి నిద్రపోయిందా? లేదు. ఫోన్ ఛార్జింగ్ ఎవరి దగ్గర ఉందని అడిగింది.

ఇక్కడ మలయాళీల గురించి ఒక మాట చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. వాళ్లకి 2018 ఆగస్టు ఉంది. ఆ వరదల్లో జాలర్లు పడవలు లారీల మీద వేసుకొచ్చి ఊళ్లకి ఊళ్లనే కాపాడారు గుర్తుందా? ఆ పాఠం మొత్తం అక్కడ దించేశారు. బుధవారం పొద్దున్నకల్లా వాట్సాప్‌లో గ్రూపు. ఏ భవనం, ఏ అంతస్తు, ఎంతమంది, ఇన్సులిన్ ఎవరికి కావాలి, డయాలిసిస్‌కి ఎవరు వెళ్లాలి, గర్భిణులెవరు, ఒక పట్టిక. మనవాళ్లూ చేశారు, కాదనను. మన తెలుగు సంఘాల వాళ్లు పులిహోర పొట్లాలు, పెరుగన్నం తెచ్చారు, అవి తిన్నవాణ్ణి నేను. కానీ మనది అన్నం పెట్టే అలవాటు. వాళ్లది ముందు జాబితా రాసే అలవాటు. రెండూ కావాలి. జాబితా లేని చోట లాబీలో నిలబడ్డవాళ్లకి రెండేసి పొట్లాలు అందాయి, పందొమ్మిదో అంతస్తులో మోకాళ్ల నొప్పుల ముసలాయనకి ఏమీ అందలేదు.

ఆ తర్వాతి రోజులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. షార్జా అల్ మజాజ్, అల్ ఖాసిమియా వీధుల్లో జనం పిల్లలాడుకునే రబ్బరు పడవల్లో తిరిగారు. పరుపుల మీద, థర్మోకోల్ పలకల మీద సామాన్లు లాక్కుపోయారు. టిప్పర్ లారీల మీద నిలబడి రోడ్డు దాటారు. కొందరు లారీవాళ్లు ఉచితంగా ఎక్కించుకున్నారు, కొందరు మనిషికింతని వసూలు చేశారు. అది ఏ దేశమైనా అంతే. నీళ్ల రంగు మారింది. మురుగు కలిసింది, ఆకుపచ్చగా అయింది, తర్వాత నల్లగా. వాసన. దోమలు. కాళ్లకి దద్దుర్లు. వరద ఫొటోలన్నీ మొదటిరోజువే ఉంటాయి. అసలు వరద నాలుగో రోజు నుంచి మొదలవుతుంది, దాన్ని ఎవరూ ఫొటో తీయరు.

విమానాశ్రయం గురించి మీరు టీవీలో చూసే ఉంటారు, త్వరగా దాటేస్తాను. 2,155 విమానాలు రద్దయ్యాయి, 115 దారి మళ్లాయి. అమెరికా వెళ్లే మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది అక్కడే విమానం మారతారు కదా, వాళ్లు నేల మీద దుప్పట్లు లేకుండా పడుకున్నారు. భోజనం తేవాల్సిన బండ్లు కూడా నీళ్లలోనే ఆగిపోయాయి.

ప్రాణాల లెక్క చూస్తే యూఏఈలో నలుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు కారులోనే ఊపిరాడక పోయారు. పక్కన ఒమన్‌లో ఇరవై మంది దాకా, అందులో బడిపిల్లలు. వాది పొంగి బండిని లాక్కుపోయింది. మన 1908తో పోలిస్తే చిన్న సంఖ్య అనిపిస్తుంది. ఆ పోలిక నాకు నచ్చదు. అయితే ఒకటి నిజం, కదలని నీళ్లు మనుషుల్ని తక్కువ చంపుతాయి, బతుకుల్ని ఎక్కువ రోజులు ఆపేస్తాయి. పారే నీళ్లు అటుది ఇటు. ఎడారి నగరాల్లో కూడా వాదులకి అడ్డంగా కట్టిన చోట పారే నీళ్లు వస్తాయి. 2009 నవంబరులో సౌదీలో జెడ్డాకి అలా వచ్చి నూరుమందికి పైగా పోయారు.

ఇక మేఘమథనం. నాకు తెలుసు, మీరు అడగబోయేది అదే. ఆ వారమంతా హైదరాబాదు నుంచి నాకొచ్చిన ప్రతి ఫోనులోనూ "కృత్రిమ వాన అంట కదా, విమానాలతో మందు చల్లారంట కదా" అనే అడిగారు. మా ఆవిడ తమ్ముడైతే వాళ్లు దేవుడితో ఆటలాడారని ఒక వీడియో కూడా పంపాడు. యూఏఈలో మేఘమథనం 1990ల నుంచీ ఉంది, దాచిందేమీ లేదు. ఆ రోజు తుఫానులోకి విమానాలు పంపలేదని అక్కడి వాతావరణ శాఖ చెప్పింది. సరే, వాళ్ల మాట పక్కన పెట్టండి. అదే తుఫాను వ్యవస్థ ఒమన్‌ని, బహ్రెయిన్‌ని, ఖతర్‌ని తడిపింది. రోజుల ముందే అంచనాల్లో కనబడింది. ఇంత పెద్దది వస్తోందని ముందే తెలిసిన వానని ఉప్పుపొడి చల్లే చిన్న విమానం పుట్టిస్తుందా? ఉన్న మేఘం నుంచి కాస్త ఎక్కువ పిండటం తప్ప, లేని మేఘాన్ని అది తేలేదు. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ 2000ల్లో కరువు రోజుల్లో మేఘమథనం చేశారు, పెద్దవాళ్లకి గుర్తుండాలి. అది అంత పనిచేసి ఉంటే అనంతపురం ఈపాటికి కోనసీమ అయ్యేది. (నవ్వులు)

శాస్త్రవేత్తల బృందమొకటి పది రోజుల్లోపే లెక్కగట్టి చెప్పింది, మేఘమథనానికి ఇందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదని. ఆ ప్రాంతంలో ఎల్‌నినో ఏడాదుల్లో, అంటే పసిఫిక్ సముద్రం మామూలుకంటే వేడెక్కే ఏడాదుల్లో, పడే కుంభవృష్టి మునుపటికంటే 10 నుంచి 40 శాతం దాకా ఎక్కువైందని, దానికి భూమి వేడెక్కడం కారణం కావచ్చని. అయినా వీడియోలు ఆగలేదు. ఎందుకంటే ఎవరో ఒక విమానం నడిపేవాణ్ణి తిట్టుకోవడం హాయిగా ఉంటుంది. మనం తిరిగే కారుని, మనం వేయించిన టైల్సుని ఎవరు తిట్టుకుంటారు? మన దగ్గర కూడా చూడండి, కాలనీ మునగ్గానే క్లౌడ్ బరస్ట్ అంటాం. మబ్బు బద్దలైంది కాబట్టి మునిగింది, చెరువులో కట్టాం కాబట్టి కాదు!

తర్వాత వాళ్లేం చేశారో చెప్పాలి. మే 2న మళ్లీ గట్టి వాన వచ్చింది. ఈసారి ట్యాంకర్లు, పంపులు ముందే వచ్చి నిలబడ్డాయి, జనం కార్లని ఎత్తుమీద పెట్టుకున్నారు. కరక్ చాయ్ షికార్లు లేవు. రెండు వారాల కిందటి భయం అప్పటికింకా పచ్చిగా ఉంది మరి. జూన్‌లో దుబాయ్ ప్రభుత్వం తస్రీఫ్ అని వానకాలువల పథకం ప్రకటించింది. 30 బిలియన్ దిర్హాములు, మన డబ్బులో దాదాపు 68 వేల కోట్ల రూపాయలు. 2033 నాటికి పూర్తి చేసి, రోజుకి 2 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు తరలించగలగాలని లక్ష్యం. భూమి లోపల సొరంగాలు తవ్వి నీళ్లకి వాలు పుట్టించాలి. ప్రకృతి ఇవ్వని వాలుని డబ్బు పెట్టి కొంటున్నారు.

మనకి ఆ వాలు ఊరికే వచ్చింది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, దక్కన్ రాతినేల మీద ఉంది. ఎక్కడ చుక్క పడ్డా వాగులోకి, వాగు నుంచి చెరువులోకి, చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి, చివరికి మూసీలోకి, వాడపల్లి దగ్గర కృష్ణలోకి. గొలుసుకట్టు చెరువులంటే అదే కదా. 1908 తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన చెప్పిన మీదట 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. షార్జాలో బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని, ఆ ప్లాస్టిక్ కప్పుని చూస్తూ నేను అనుకున్నది ఇదే. ఈ ఊరికి ఒక్క మత్తడి ఉంటే ఎంత బాగుండు అని.

తిరిగొచ్చి ఇక్కడ చూస్తే శిఖం భూముల్లో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, అపార్టుమెంట్లు. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీలో ఏమైందో మీలో కొందరు అనుభవించారు. టోలిచౌకి నదీమ్ కాలనీలో పడవలు తిరిగాయి. చెరువు పక్కన పల్లంలో కట్టుకున్నాం కాబట్టి అక్కడ నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. అంటే ఇంత వాలున్న ఊళ్లో కూడా, కష్టపడి, లంచాలిచ్చి మరీ, చిన్న చిన్న షార్జాలు తయారుచేసుకున్నాం. నాకు దుబాయ్ వాళ్ల మీద జాలి ఉంది, వాళ్ల నేల అలాంటిది. మన మీద జాలి రావట్లేదు, కోపం వస్తోంది. నాలా మీద స్లాబు వేసి దుకాణం పెట్టినవాడు ఒక్కడే కాదు తప్పు చేసింది. ఎఫ్‌టీఎల్ అని, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లొచ్చే హద్దులోపలే అని, తెలిసీ, గజం పదివేలు తక్కువని కొన్నవాళ్లు కూడా. ఇక్కడ ఎవరైనా ఉంటే ఏమీ అనుకోకండి... అనుకున్నా పర్లేదు.

సరే, ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ఒక శ్రోత: అక్కడ మనవాళ్లకి నష్టపరిహారం ఇచ్చారా అండీ?

ప్రభుత్వం 2 బిలియన్ దిర్హాములు ప్రకటించింది. అది ఆ దేశ పౌరుల ఇళ్లు బాగుచేయడానికి. మనం అక్కడ పౌరులం కాము కదమ్మా. మనకి దిక్కు ఇన్సూరెన్సే. కారుకి కాంప్రహెన్సివ్ పాలసీ ఉన్నవాళ్లకి చాలామందికి వచ్చింది. చవకని థర్డ్ పార్టీ తీసుకున్నవాళ్లకి రాలేదు. నష్టం జరిగినట్టు పోలీసులు ఫోన్ యాప్‌లోనే సర్టిఫికెట్ ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. పర్సనల్, కారు లోన్ల కంతులు ఆరు నెలలు వాయిదా వేసుకోనివ్వమని వాళ్ల సెంట్రల్ బ్యాంకు చెప్పింది. ఇంటి సామానుకి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. జగిత్యాల, నిజామాబాదు నుంచి వచ్చి లేబర్ క్యాంపుల్లో ఉండే మన పిల్లలకి పోవడానికి సామానూ లేదు, రావడానికి పరిహారమూ లేదు. ఆ వారం పంపులు మోసింది, బురద ఎత్తింది చాలావరకు వాళ్లే. ఓవర్‌టైమ్ అందిందని ఒక కుర్రాడు సంతోషంగా చెప్పాడు నాకు. దానికి నేనేం అనాలో తోచలేదు.

మరో శ్రోత: మా అపార్టుమెంటులో ప్రతి ఏడాదీ సెల్లార్‌లోకి నీళ్లొస్తాయి సార్. రెండు మోటార్లు పెట్టాం. ఇంకా పెద్దది పెట్టమంటారా?

మోటారు సంగతి తర్వాత. మీరు తోడిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారు? రోడ్డు మీదనా? రోడ్డు మీ ర్యాంపు కంటే ఎత్తా, పల్లమా? ప్రతిసారీ రోడ్డు వేసినప్పుడు పాతది తవ్వకుండా మీదే వేస్తారు, పదేళ్లలో అది మీ గేటు కంటే ఎత్తవుతుంది. ముందు అది కొలవండి. ర్యాంపు మొదట్లో అర అడుగు దిమ్మ కట్టించండి. కారు ఎక్కేటప్పుడు కాస్త కుదుపుంటుంది, భరించండి. మీటర్లు, ప్యానెల్ బోర్డు సెల్లార్‌లో ఉంటే పైకి మార్పించండి. జనరేటర్ కూడా. నీళ్లు చేరగానే కరెంటు ఆపాల్సింది ఎవరు, స్విచ్ ఎక్కడ, ఆ తాళంచెవి ఎవరి దగ్గర అన్నది ఇద్దరికైనా తెలిసి ఉండాలి. వాచ్‌మన్ ఒక్కడికే తెలిసి ఉంటే ఆ రోజు అతను ఊరెళ్తాడు. (నవ్వులు)

వాచ్‌మన్ అంటే గుర్తొచ్చింది. మీ వాచ్‌మన్ కుటుంబం ఎక్కడ ఉంటుంది? సెల్లార్‌లోనే కదా? (సభలోంచి: అవును సార్, లిఫ్టు పక్కన గది.) ఆ గదికి కిటికీ ఉందా, తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? బయట నీళ్లు నిలిస్తే బయటికి తెరిచే తలుపు లోపలున్నవాళ్లు తోసినా రాదు. పిల్లలున్నారా వాళ్లకి? అయితే మోటారు కంటే ముందు ఆ గది పైకి మార్చండి. గ్రౌండ్ ఫ్లోర్లో స్కూటర్లు పెట్టేచోట ఓ మూలన గోడ కట్టుకోవచ్చు, లేదంటే మేడ మీద. పార్కింగ్ పోతుందని కమిటీలో గొడవ అవుతుంది, అవనివ్వండి. మే నెలలోపే చేయించేయండి, జూన్ వచ్చిందంటే మేస్త్రీలు దొరకరు.